పాత సైనిక దిక్సూచి సేకర్తల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సమావేశాల్లో సగానికి పైగా సమయం రెండు విషయాలకే పోయింది: నకిలీలు, రేడియం.

ముందు నకిలీల సంగతి. మన సభ్యుల్లో ఒకాయన ఎంతో మోజుపడి కొన్న ప్రిజం దిక్సూచిని (చిన్న గాజు ప్రిజంలోంచి చూసి దిక్కు అంకెలు చదివే రకం) బల్ల మీద పెట్టారు. నిగనిగలాడే ఇత్తడి, మూత మీద 1917 అని చెక్కడం, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ప్రిజంలో కన్నుపెట్టి చూడగానే గుట్టు బయటపడింది. అసలైనదాంట్లో అంచున ఉండే అంకెలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి ఉంటాయి. ప్రిజంలోంచి చూస్తేనే అవి సరిగ్గా కనిపిస్తాయి. పైగా మన కంటివైపు అంచునే చదువుతాం కాబట్టి ఆ వరుసలో సున్నా దక్షిణపు కొసన ఉంటుంది. ఈయన తెచ్చినదాంట్లో అంకెలు మామూలుగానే ఉన్నాయి, ప్రిజం ఊరికే అలంకారం. గదిలో ఎవరూ నవ్వలేదు. మనలో ఒక్కసారైనా మోసపోనివాళ్లు ఎవరు గనక!

అదే రోజు పక్కన పెట్టి చూసుకోవడానికి రెండు అసలైన బ్రిటిష్ సైనిక ప్రిజం దిక్సూచులు తెప్పించాం: ఒక వెర్నర్స్ రకం, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక మార్క్ 3. మొదటిదాని ముత్యపుచిప్ప డయల్ కదిలే తీరు చూశాక నకిలీల మీద ఎవరికీ మనసు పోలేదు. అన్నింటినీ ఒకే బల్ల మీద దగ్గరదగ్గరగా సర్దడంతో ముళ్లన్నీ ఒకదాన్నొకటి లాక్కుని తలోదిక్కు చూపించాయి. ఉత్తరం ఎటో తేల్చడానికి దిక్సూచి సేకర్తలం కిటికీలోంచి సూర్యుణ్ని చూడాల్సి వచ్చింది.

చీకట్లో వెలగడానికి పాత డయళ్ల మీద పూసిన రేడియం పెయింట్ విషయం మాత్రం నవ్వులాట కాదు. డయల్ చీకట్లో వెలగట్లేదు కాబట్టి ప్రమాదం లేదని కొందరు అనుకుంటున్నారు. ఆరిపోయింది వెలుగిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే. దాన్ని వెలిగించే రేడియం-226 సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. ఒక సభ్యుడు మార్క్ 3 లోపలి ద్రవంలో చేరిన గాలిబుడగ తీయించాలని గాజు విప్పబోతే ఆపాం. పొడి అయిన పెయింట్ ఊపిరితో లోపలికి పోతే అసలు చిక్కు అక్కడే. చిన్న బుడగను అలా వదిలేయడమే మేలని నా అభిప్రాయం, కమిటీలో అందరూ ఒప్పుకోకపోయినా. ఇకపై సమావేశాల్లో రేడియం డయళ్లు ఎవరూ విప్పకూడదని, గీకకూడదని తీర్మానించాం. ఇంట్లో కూడా గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా పెట్టుకోండి.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి ఆమోదించాం. పెద్ద ఖర్చు రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ ఒక్కటే.

సభ్యుల దిక్సూచుల ఉమ్మడి జాబితా పని సగంలో ఉంది. తయారీదారు పేరు, సంవత్సరం, నంబరు, బ్రిటిష్ ప్రభుత్వ సొత్తని చెప్పే బాణం గుర్తు స్పష్టంగా కనిపించేలా ఫొటోలు పంపండి. ఇత్తడి పాలిష్ పట్టించేవాళ్లు దయచేసి అంతకుముందే తీయండి. పోయినసారి వచ్చినవాటిలో రెండింటి మీద బాణం అరిగి గీతలా మిగిలింది.

– కార్యదర్శి