చిరంజీవి వాసుకు

చిరంజీవి వాసుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ఉత్తరానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కనుక రాస్తున్నాను. నీ గది గోడ మీది బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు థియాగో సిల్వా బొమ్మ వెలిసిపోయిందని అమ్మ తీసేయబోతే నేనే వద్దన్నాను. పెద్దత్త కొడుకు మొన్న వచ్చి, నువ్వు నెల్లాళ్లుగా దగ్గుతున్నావనీ, ఆటకు కూడా వెళ్లడం లేదనీ చెప్పాడు. వాడి మాటలు నేను ఎంతవరకు నమ్ముతానో నీకు తెలుసు. అది అలా ఉంచు.

సిల్వా 2005లో, ఇరవై ఏళ్ల వయసులో, పోర్చుగల్‌లోని పోర్టో క్లబ్ రెండో జట్టు నుంచి మాస్కోలోని డైనమో క్లబ్‌కు వెళ్లాడు. అక్కడ పరీక్షలు చేసి క్షయ అని తేల్చారు. భాష రాని దేశంలో నెలల తరబడి ఆస్పత్రి మంచం మీదే గడిపి, డైనమో తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెనుదిరిగాడు. ఇక ఫుట్‌బాల్ వద్దనుకున్న కొడుకును మానవద్దని ఒప్పించింది వాళ్లమ్మ. ఈ వాక్యం చదవగానే మీ అమ్మ, "ఆ అబ్బాయి తల్లికి చెప్పుకున్నాడు కదా" అంది. అంతకుముందు అతనికి శిక్షణ ఇచ్చిన ఈవో వోర్ట్‌మన్ 2006లో రియోలోని ఫ్లుమినెన్సే క్లబ్‌కు పిలిపించుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ జట్టు బ్రెజిల్ కప్పు గెలిచింది. ఆ తరువాత మిలాన్‌లో ఇటలీ లీగ్, పారిస్‌లో ఏడు లీగ్ టైటిళ్లు. 2021లో అదే పోర్టో నగరంలో, తను అప్పుడు ఆడుతున్న ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ చాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆయనకు 36 ఏళ్లు. గాయంతో సగంలోనే మైదానం వీడినా కప్పు మాత్రం దక్కింది.

2014 ప్రపంచకప్ సంగతి నీకే బాగా తెలుసు. కొలంబియా మీద గోలు కొట్టిన బ్రెజిల్ కెప్టెన్ సిల్వా, వాళ్ల గోల్‌కీపర్ బంతిని తన్నబోతుండగా అనవసరంగా అడ్డుపడి ఆ టోర్నీలో రెండో పసుపు కార్డు తెచ్చుకున్నాడు. దానితో సెమీఫైనల్‌కు దూరమయ్యాడు, అందులో బ్రెజిల్ మీద జర్మనీ ఏడు గోల్స్ కొట్టింది. ఆయన ఉంటే ఫలితం మారేదని నేను అనను, కానీ డిఫెండర్‌కు చిన్న అశ్రద్ధ కూడా తగదు.

అశ్రద్ధ అంటే గుర్తొచ్చింది. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్షా, మందులూ ఉచితమే. ఒకవేళ క్షయే అయినా సాధారణంగా ఆరు నెలల మందులతో నయమవుతుంది. మధ్యలో మానేస్తే మాత్రం జబ్బు మందులకు లొంగకుండా మొండికెత్తవచ్చు. చిన్నాన్న విషయం మళ్లీ ఎత్తను. ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కలం పట్టాను, ఇంతవరకు వచ్చింది.

అమ్మ శొంఠి, మిరియాలు దంచి పంపుతోంది, వేసుకో, కానీ అది పరీక్షకు బదులు కాదు. రాత్రిపూట తలకు మఫ్లర్ కట్టుకో. గుడ్లు, పాలు మానవద్దు. ఖాతాలో డబ్బు వేశాను. సోమవారం ఆస్పత్రికి వెళ్లి, వాళ్లు ఇచ్చిన చీటీ ఫొటో తీసి పంపు. నాకు కాకపోతే అమ్మకైనా పంపు.

ఇట్లు,
నాన్న