బేరం ఆడనివ్వని కొట్లు

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడేసరికి పేపర్ల నిండా థాయిలాండ్ ప్యాకేజీల ప్రకటనలే. 2023 నవంబరులో ఆ దేశం మనవాళ్లకు వీసా అక్కర్లేదన్నప్పటి నుంచి మరీ ఎక్కువయ్యాయి. ఐదు రోజులు, నాలుగు రాత్రులు, భోజనాలతో సహా ఇంత అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆ ఐదు రోజుల్లో మనల్ని ఎన్ని గంటలు కొట్లలో కూర్చోబెడతారో మాత్రం ఎక్కడా వేయరు. నా ఉత్తరం దాని గురించే.

మేము పద్దెనిమిది మందిమి కలిసి అలాంటి ప్యాకేజీలోనే ఫుకెట్ వెళ్లొచ్చాం. బస పటాంగ్ బీచ్ దగ్గర. బయల్దేరే ముందు అందరిదీ ఒకటే హెచ్చరిక: "బీచ్ దగ్గర కొట్లవాళ్లు ముంచేస్తారు, చెప్పినదాంట్లో పావలా వంతు నుంచి మొదలెట్టండి." తీరా మమ్మల్ని ముంచింది వాళ్లు కాదు.

సాయంత్రమయ్యేసరికి బంగ్లా రోడ్డు చుట్టుపక్కల సందులన్నీ సంతలా మారిపోతాయి. ఏనుగు బొమ్మల పైజామాలు, కొబ్బరి చిప్ప గిన్నెలు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు. సరుకు మీద ధర కనపడేలా పెట్టాలని అక్కడ 1999 నాటి చట్టం ఉంది కానీ ఆ సందుల్లో దాన్ని పట్టించుకునేవాళ్లు నాకు కనపడలేదు. వాళ్ల భాష మనకు రాదు, మనది వాళ్లకు రాదు. మధ్యవర్తి క్యాలిక్యులేటరే. నేనొక పైజామా పట్టుకుంటే కొట్టావిడ 350 నొక్కి చూపించింది. నేను చెరిపేసి 150 నొక్కాను. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని, నవ్వుతూనే 280 అంది. చివరికి 200 బాత్‌ల దగ్గర తెగింది. రెండు తీసుకుంటానంటే 360కి ఇచ్చింది. నేనిచ్చిన నోట్లతో మిగతా బట్టలన్నిటి మీదా టపటపా తట్టింది. ఎందుకని పక్కనున్నవాళ్లను అడిగితే ఆ రోజు మొదటి అమ్మకం మాదేనట. మాట వేరైనా బోణీ బోణీయే కదా!

"లోట్ దాయ్ మై", అంటే తగ్గిస్తారా అని, ఆ ఒక్క ముక్క నేర్చుకున్నాను. గొంతు పెంచకుండా ఆ మాట అంటే చాలు, సగం బేరం అయిపోయినట్టే. మావాళ్లలో కొందరి తీరు మాత్రం చెప్పుకోవడానికే సిగ్గు. ఒకాయన 100 అని నొక్కాడు. కొట్టావిడ సరేనంది. సరేననగానే "చూశారా, ఇంకా తక్కువకే వచ్చేదేమో" అంటూ కదిలిపోయాడు. మన నోటితో చెప్పిన ధరకు అవతలివాళ్లు ఒప్పుకున్నాక వెనక్కి తగ్గితే దాన్ని బేరం అనరు. ఆ తర్వాత ఆ వరుసలో మాకు ఎవరూ మొహమివ్వలేదు.

ఏది ఏమైనా ఆ వీధిలో నేను ఎక్కువ ఇచ్చినా తక్కువ ఇచ్చినా అది నా ఇష్టం, నా తెలివి. నచ్చకపోతే పక్క కొట్టుకి పోతాను. ఎండు మామిడి ముక్కల ధర ముందు సెవెన్ ఇలెవెన్ అనే గొలుసు దుకాణంలో చూసుకుని, ఆ లెక్కన బయట అడిగాను.

అసలు సంగతి మూడో రోజు జరిగింది. "సిటీ టూర్" అని బస్సెక్కించారు. బట్టల మీద తలా ఒక రంగు స్టిక్కర్ అంటించారు. తప్పిపోకుండా ఉండటానికేమో అనుకున్నాం. ఒక గుడి, ఒక వ్యూ పాయింట్ చూపించాక రంగురాళ్ల నగల షోరూము, తేనె కొట్టు, జీడిపప్పు ఫ్యాక్టరీ. పలాస జీడిపప్పు తినే జనాన్ని సముద్రం దాటించి జీడిపప్పు కొనిపించడం కూడా ఒక విద్యే. నగల షోరూములో జంటకొక సేల్స్ మనిషి. లోపలికి ఒక తలుపు, బయటికి ఇంకో తలుపు, మధ్యలో కౌంటర్లన్నీ దాటుకుని రావాల్సిందే. బస్సు తలుపేమో మూసే ఉంది. రెండు గంటలు. నీలం రాయి ఉంగరం 9,800 బాత్‌లు. మావారు తగ్గించమంటే "ఫిక్స్‌డ్ రేటు" అన్నారు. మొహమాటానికి పోయి కొన్నాం. ఇంటికొచ్చాక మాకు తెలిసిన నగల వ్యాపారికి చూపిస్తే అందులో సగం కూడా చేయదన్నాడు.

ఇంకో సంగతి కూడా తర్వాతే తెలిసింది. అక్కడ పర్యాటకులకు అమ్మకం పన్ను (వ్యాట్) తిరిగిచ్చే పథకం ఒకటుంది. విదేశీయులు ఆ పథకంలో ఉన్న దుకాణంలో ఒకే రోజు కనీసం 2,000 బాత్‌లకు కొంటే, అక్కడి 7 శాతం వ్యాట్‌లో చాలా భాగం ఎయిర్‌పోర్టులో వెనక్కి తీసుకోవచ్చు. దానికి కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించి పి.పి.10 అనే కాగితం అడగాలి. ఆ మాట షోరూములో ఎవరూ అనలేదు, గైడూ అనలేదు. బ్యాటరీ సిగరెట్లు ఆ దేశంలో నిషేధమని కూడా చెప్పలేదు. మాతో వచ్చిన కుర్రాడు వీధిలో వాటిని బేరమాడుతుంటే మేమే లాక్కొచ్చాం.

ఆ గైడు మీద నాకు కోపం లేదు. తిరిగొచ్చేటప్పుడు నెమ్మదిగా అడిగితే చెప్పాడు: ప్యాకేజీ డబ్బులో అతనికి దక్కేది అంతంతమాత్రం, కొట్లవాళ్లిచ్చే కమిషనే అసలు సంపాదన. ఆ స్టిక్కర్లు దానికేనట, ఏ గుంపు ఎంత కొన్నదో లెక్క తెలియడానికి. అంటే చవక ప్యాకేజీలో తగ్గించిన డబ్బు ఆ ఉంగరంలో కట్టామన్నమాట. బేరానికి అక్కడ చోటెందుకు లేదో అప్పుడు అర్థమైంది.

ఈ జబ్బు మనకే కొత్తగా రాలేదు. చైనా 2013 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన పర్యాటక చట్టంలో, మరీ తక్కువ ధరకు టూరు అమ్మి షాపింగ్ కమిషన్లతో లాభం తీసుకోవడాన్ని నిషేధించింది. 2016లో థాయిలాండ్ ప్రభుత్వం "జీరో డాలర్ టూర్లు" అని పిలిచే ఇలాంటి చవక టూర్ల మీద దాడులు చేసి, చైనా యాత్రికులను తిప్పే బస్సులను పెద్ద ఎత్తున సీజ్ చేసింది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా, కొనేవాళ్లకు తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెడితే అది సేవాలోపమేనంటోంది. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. కానీ తిరిగొచ్చాక ఉంగరం చూసుకుంటూ ఫోన్ చేసేవాళ్లు ఎందరుంటారు?

అందుకే నేనడిగేది చిన్న పని. టూరు కంపెనీలు తమ కార్యక్రమ పత్రంలోనే కొట్ల దగ్గర ఎన్నిసార్లు ఆపుతారో, ఎంతసేపు ఆపుతారో రాయాలి. దిగడం ఇష్టం లేనివాళ్లు బస్సులోనే కూర్చోవచ్చని కూడా రాయాలి. ఆ కొట్లు వద్దనుకునేవాళ్లకు ప్యాకేజీ ఎంతవుతుందో పక్కనే చెప్పాలి. నాలుగు వేలు ఎక్కువైనా ఆ రెండు గంటలు సముద్రం ఒడ్డున గడిపేవాళ్లం. పర్యాటక శాఖ దీన్ని తప్పనిసరి చేసేదాకా ఆగక్కర్లేదు. మీ ప్రకటనల విభాగం వాళ్లు టూరు ప్రకటన తీసుకునేటప్పుడు ఆ ఒక్క లైను వేయమని అడిగినా చాలు.

– ఒక పాఠకురాలు