రక్షించామని చెప్పిన ఊరి గురించి మంత్రిగారికి నాలుగవ ఉత్తరం

ఎర్కెలెంజ్, 2023 మార్చి

నార్త్ రైన్–వెస్ట్‌ఫాలియా రాష్ట్ర ప్రభుత్వంలో గని అంచు ఊళ్ల వ్యవహారం చూస్తున్న గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారములు. గార్ట్స్‌వైలర్ బొగ్గు గని కోసం ఖాళీ చేయించి, తర్వాత గనికి అక్కర్లేదన్న ఊళ్ల విషయమై నేను మీకు ఇంతకు ముందు జర్మన్‌లో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది అందినట్టు జవాబు వచ్చింది. రెండవదాన్ని సంబంధిత విభాగానికి పంపినట్టు జవాబు వచ్చింది. మూడవదానికి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. జర్మన్‌లో రాసినా చదివేవారు లేనప్పుడు నాకు సుళువైన భాషలో రాసుకుంటే పోయేదేముందని ఈ నాలుగవది తెలుగులో రాస్తున్నాను. మీరు చదవకపోయినా ఈ రైన్ ప్రాంతంలో ఉన్న మావాళ్లయినా చదువుతారు.

గత సంవత్సరం అక్టోబరు 4న ఈ రైన్ ప్రాంతంలో బొగ్గును 2038 దాకా కాక 2030కే ఆపేస్తామని, కైయెన్‌బెర్గ్, కుక్కుమ్, బెర్ఫెరాట్, ఒబర్‌వెస్ట్రిష్, ఉంటర్‌వెస్ట్రిష్ అనే ఐదు ఊళ్లు గనిలో కలవకుండా నిలిచిపోతాయని ప్రకటన వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో సేమ్యా పాయసం చేసి, గిన్నె మీద మూత పెట్టుకుని, ఓమా దగ్గరకు వెళ్లాము. ఓమా అంటే ఇక్కడివాళ్ల మాటలో అమ్మమ్మ. మేము కైయెన్‌బెర్గ్‌లో ఆరేళ్లు ఆమె ఇంటి మేడ మీద కిరాయికి ఉన్నాము. పాయసం తిని, చెంచా గిన్నెలో పెట్టి, ఆమె అడిగిన మాట ఒక్కటే: "ఊరు మిగిలిందన్నారు సరే, ఊళ్లో ఎవరు మిగిలారు?"

మీకు తెలియని లెక్క కాదు. 2016 డిసెంబరు 1న పునరావాసం అధికారికంగా మొదలయ్యేనాటికి ఈ ఐదు ఊళ్లలో దాదాపు 1,500 మంది ఉండేవారు. ప్రకటన వచ్చేనాటికి వారిలో అత్యధికులు ఇల్లు రాసిచ్చి, ఎర్కెలెంజ్ ఉత్తరాన వెలసిన కొత్త కాలనీకి వెళ్లిపోయారు. ఓమా 2018లో సంతకం పెట్టారు. గని వచ్చి తీరుతుంది, ఆలస్యం చేస్తే మంచి స్థలాలు అయిపోతాయి, పక్కింటివాళ్లు కూడా వెళ్తున్నారు అని పెద్దలందరూ నచ్చజెప్పిన మీదట, డెబ్బై ఎనిమిదవ ఏట, తాను పుట్టిన ఇంటిని కాగితాల మీద వదులుకున్నారు. నాలుగేళ్ల తర్వాత ఆ ఇంటికి ఏ ప్రమాదమూ లేదని మీరే సెలవిచ్చారు. ప్రమాదం లేని ఇంటి నుంచి ఆమెను పంపించినట్టయింది. దీనికి మీ భాషలో ఏమంటారో నాకు తెలియదు.

మొన్న ఫిబ్రవరిలో ఆ ఇంటి ముందు నిలబడి చూశాను. కిటికీల మీద రోలర్ షట్టర్లు కింది దాకా దింపి ఉన్నాయి. ఒకదాని పట్టీ లోపల తెగినట్టుంది, అది ఒక వైపు వాలి వేలాడుతోంది. ఉత్తరాల పెట్టె నోటికి గోధుమరంగు టేపు అంటించారు, ఆ టేపు కూడా వానకు తడిసి సగం ఊడింది. పైకప్పు నీటి గొట్టం పగిలిన చోట ఎర్రటి ఇటుక గోడ మీద చెయ్యి వెడల్పున ఆకుపచ్చటి చార నేల దాకా దిగింది. ఒకప్పుడు నేను మొదటిసారి మంచు ఎత్తిపోసినప్పుడు పార పట్టుకోవడం రాదని ఓమా నవ్విన మెట్లు అవే. ఆ వీధిలో ఇటువంటివి వరసగా తొమ్మిది లెక్కపెట్టాను. కొన్ని ఇళ్లలో యుక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబాలను పెట్టారు. ఆ ఇళ్ల ముందు మాత్రమే పిల్లల సైకిళ్లు, ఆరవేసిన బట్టలు కనిపించాయి. వారికి నీడ దొరికినందుకు సంతోషమే. కాని ఇంకెన్నాళ్లు ఉండనిస్తారో వారికీ తెలియదు, మీ కార్యాలయమూ చెప్పదు.

ఊరి నడుమ పవిత్ర శిలువ చర్చి ఉంది. 2021 నవంబరు చివర దానిలో ఆఖరి పూజ జరిపి, ఇక అది దేవుడి ఇల్లు కాదని శాస్త్రోక్తంగా ప్రకటించారు. ఏడాది తిరగకుండానే ఊరు నిలుస్తుందన్నారు. ఊరు ఉంటుంది, ఊరి గుడి మాత్రం గుడి కాదు. ఓమా పెళ్లి అక్కడే జరిగింది, ఆమె భర్త అంతిమ ప్రార్థన అక్కడే జరిగింది. ఆ తలుపు ముందు ఆమెను కారు దింపి నిలబెట్టిన రోజున ఆమె పిడి పట్టుకుని ఒకసారి లాగి చూశారు, తెరుచుకోలేదు, చేతికి అంటిన తుప్పు కోటుకు తుడుచుకున్నారు. నేను హిందువును, ఆ పూజలు నాకు తెలియవు; ఆ తుప్పు తెలుసు.

కుక్కుమ్ సంగతి ఇంకా విచిత్రం. నీర్స్ నది పుట్టిల్లు కుక్కుమ్. గని అడుగు ఎండిపోవాలని చుట్టూ భూగర్భజలం తోడేయడంతో ఆ ఊటలు ఇంకిపోయాయి. ఇప్పుడు గని తోడిన నీటినే గొట్టాల్లో తెచ్చి నదికి పోస్తున్నారు. నెదర్లాండ్స్‌లో మాస్ నదిని కలిసే దాకా నూరు కిలోమీటర్ల పైచిలుకు పారే నదికి మొదట్లోనే సెలైన్ ఎక్కించినట్టుంది.

నేను బొగ్గుకు శత్రువును కాను. మా నాన్న గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడు. బొగ్గుబాయి జీతంతోనే నా చదువు సాగింది. ఓపెన్‌కాస్టు కోసం ఊళ్లు లేవడం, బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి (ఓబీ) కుప్పలు ఊరికంటే ఎత్తు పెరగడం చిన్నప్పుడే చూశాను. గార్ట్స్‌వైలర్ గనిలో 96 మీటర్ల ఎత్తున్న ఎక్స్‌కవేటర్‌ను మొదటిసారి చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, నాన్నకు ఫోటో పంపి మురిసిపోయాను. 2018 జనవరి 8, 9 తేదీల్లో ఇదే గని కోసం ఇమ్మెరాట్ అనే ఊరి చర్చిని కూల్చినప్పుడు కూడా కంచె బయట నిలబడి చూశాను. 1888లో మొదలుపెట్టి 1891లో ముగించిన జంట గోపురాల కట్టడం అది. ఊరు చిన్నదైనా చర్చి పెద్దదని చుట్టుపక్కలవాళ్లు దాన్ని ఇమ్మెరాట్ డోమ్, అంటే మహా చర్చి, అని పిలుచుకునేవారు. రెండు రోజుల్లో అయిపోయింది. ఆ రోజు నాకు కోపం రాలేదు, ఎందుకంటే మోసం లేదు: కూల్చుతామన్నారు, కూల్చారు. ఈ జనవరిలో గని కోసం లుట్జెరాట్ అనే పక్క ఊరిని పోలీసులతో ఖాళీ చేయించినప్పుడూ మీరు దాపరికం చేయలేదు. జనవరి 14న వానలో, బురదలో వేలమంది కైయెన్‌బెర్గ్ మీదుగానే నడిచి వెళ్లారు, మూసిన ఇళ్ల ముందునుంచే. లుట్జెరాట్ పోయినందుకు బదులుగా ఈ ఐదూ దక్కాయని అప్పుడు అందరికీ గుర్తుచేశారు. దక్కినవాటిని ఏం చేస్తున్నారన్నదే నా ప్రశ్న. కూల్చిన ఊరికి తేదీ ఉంటుంది. ఈ ఊళ్లకు తేదీ కూడా లేకుండా చేశారు.

ఓమా తన ఇల్లు తిరిగి కొనుక్కోవచ్చా? ఏ ధరకు? అప్పుడు ఆమెకిచ్చిన ధరకా, గని ముప్పు తొలగినందుకు పెరిగిన ధరకా? కొత్త కాలనీలో కట్టుకున్న ఇంటి సంగతేమిటి? అయిదేళ్లు వేడి చేయని ఇంట్లో గోడలు నానిపోతే బాగుచేయించే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలను మూడు ఉత్తరాల్లోనూ అడిగాను. పరిశీలనలో ఉంది, ఊళ్ల భవిష్యత్తుపై అందరితో కలిసి ఆలోచన సాగుతోంది అని మీవారు సభల్లో చెబుతున్నారు. ఆలోచన సాగనివ్వండి, మేము కాదనము. ఆలోచన సాగినంత కాలం ఆ నీటి గొట్టమైనా ఒక మనిషిని పంపి అతికించండి. ఆ షట్టర్లు నెలకొకసారి ఎత్తి గాలి ఆడనివ్వండి. చర్చి తలుపు ఆదివారం ఒక గంట తెరవండి, పూజ అక్కర్లేదు, కూర్చోవడానికి. వెనక్కి రాదలచినవారికి ఒక కాగితం ఇవ్వండి, దాని మీద ఒక తేదీ వేయండి. తేదీ దూరంగా ఉన్నా ఫరవాలేదు. కాని ఓమాకు వచ్చే ఆగస్టులో ఎనభై మూడు నిండుతాయన్నది దయచేసి లెక్కలో ఉంచుకోండి.

ఇంకొక చిన్న మనవి. ఆ ఇంటి పెరట్లో ఆమె తండ్రి నాటిన ఆపిల్ చెట్టు ఉంది. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో చిగుళ్లు రాకముందే కొమ్మలు కత్తిరించేవారు. నిచ్చెన నేను పట్టుకునేవాణ్ణి. ఈ ఏడాది పెరట్లోకి వెళ్లడానికి ఎవరి అనుమతి కావాలని ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి నంబరిచ్చారు, ఆ ఇంకొకరు మొదటివారి నంబరే ఇచ్చారు. నెలాఖరు దాటితే కత్తిరించే కాలం దాటిపోతుంది. నిచ్చెన నా దగ్గరే ఉంది. గేటు తాళం ఎవరి దగ్గర ఉందో అదైనా తెలియజేయగలరు.

ఇట్లు,
కైయెన్‌బెర్గ్‌లో ఒకప్పటి కిరాయిదారు