రాయగడ నుంచి బుజ్జికి

చి. బుజ్జికి అమ్మ ఆశీర్వదించి రాయడమేమంటే, ఇక్కడ అందరం క్షేమం. నాగావళికి నీళ్లొచ్చాయి. ఒకటే ముసురు, అప్పడాలు ఎండలేదు. మీ నాన్నగారి మోకాలు కాస్త నయం. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను, కోపంతో కాదు.

పార్వతీపురం పెద్దత్త వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఒక మాట వదిలేసి పోయింది. నీకూ మీ గైడుకూ పడటం లేదట, పీహెచ్‌డీ సగంలో మానేసి వచ్చేస్తున్నావట. నేను విననట్టే ఊరుకున్నాను.

సరే, అది పక్కన పెట్టు. గొడుగు కొన్నావా? తడి తలతో ల్యాబ్‌లో కూర్చోకు.

పెరటి గట్టుకి తెచ్చిన రాళ్లలో ఎర్ర గింజలవి కనిపించాయి. 1902లో రాళ్ల శాస్త్రవేత్త వాకర్ దొర మన కోంధు గిరిజనుల పేరు పెట్టిన ఖోండలైట్ రాయే. మేము మీ ల్యాబ్‌కి వచ్చిన రోజు గుర్తొచ్చింది. అలాంటి రాయినే 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు పలకకి అంటించావు. కళ్లద్దాలు తీసెయ్యమ్మా అని నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టావు. మైక్రోస్కోప్ బల్ల తిప్పుతుంటే క్వార్ట్జ్ అనే ఖనిజపు గింజ ఒక్కసారిగా నల్లబడలేదు, నీడ ఈ అంచు నుంచి ఆ అంచుకి మెల్లగా పాకింది. భూమి లోపలి నొక్కుడుకి గింజ లోపలంతా వంగిపోయింది, అందుకే అలా నల్లబడుతుంది అన్నావు. తర్వాత గార్నెట్, అదే ఆ ఎర్ర గింజ. దాని లోపల సిల్లిమనైట్ అనే ఖనిజపు సూదులు ఒక వైపుకి, బయట రాతి చారలు ఇంకో వైపుకి. గార్నెట్ పెరుగుతూ అప్పటి చారల్ని తనలో కప్పేసుకుందట. తర్వాతి నొక్కుడుకి బయటివి దారి మార్చుకున్నాయి, లోపలివి అలాగే ఉండిపోయాయి. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందటి సంగతి! గింజ తిరిగిందా, చుట్టూ రాయి తిరిగిందా అని నేనడిగితే, పెద్ద పెద్దవాళ్లే దాని మీద వాదించుకున్నారమ్మా అన్నావు. ఒక్క ముక్క చూసి తేల్చకూడదు, ఇంకో దిక్కుగా కోస్తే వేరేలా కనిపిస్తుంది అని కూడా నువ్వే అన్నావు. తిరుగు ప్రయాణంలో మీ నాన్నగారు దారంతా నీ మాటలే.

అందుకే పెద్దత్త మాట పట్టుకుని నేనేమీ తేల్చుకోలేదు. నీ నోట వినాలి. గైడు అన్నాక ఒక మాట అంటారు, పడాలి. కోపంలో మెయిల్ పంపకు, ఒక రాత్రి ఆగు. స్లైడ్లన్నిటికీ నంబర్లు వేసి భద్రంగా పెట్టుకో, అవి నీ కష్టం. తొమ్మిదికల్లా భోంచెయ్యి. నిజంగానే అక్కడ ఉండలేనంత కష్టంగా ఉంటే వచ్చెయ్యి, నాన్నగారితో నేను మాట్లాడతాను. కానీ ఏ సంగతైనా ముందు నాకు తెలియాలి, పార్వతీపురానికి కాదు.

చిట్టి బావ శుక్రవారం అటు వస్తున్నాడు. జంతికలు, కందిపొడి, మాగాయ పంపిస్తున్నాను. సీసా మూతకి కవరు కట్టాను, నిలబెట్టే ఉంచు. అందాయని బావతో చెప్పించడం కాదు, నువ్వే ఫోన్ చెయ్యి.

అమ్మ