ఆర్‌డీడబ్ల్యూ పెరిగిందని ఐరన్ మాత్రలు మానేయకండి

సంపాదకులకు,

నేను తెనాలిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. సీబీపీ (రక్త కణాల పరీక్ష) రిపోర్టు చేతికివ్వగానే ఈమధ్య చాలామంది వేలు పెట్టి చూపించేది ఒకటే: ఆర్‌డీడబ్ల్యూ పక్కన 'హెచ్', అంటే ఎక్కువగా ఉందన్న గుర్తు. అప్పటికే ఫోన్‌లో వెతికేసి ఉంటారు, క్యాన్సరేమోనని టెన్షన్.

ఎర్ర రక్త కణాల సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే అంకె అది. మామూలుగా 11.5 నుంచి 14.5 శాతం దాకా ఉంటుంది, ల్యాబ్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ. పూర్వం స్లైడు మీద కళ్లతో చూసి రాసేది ఇప్పుడు మెషీన్ లెక్కకట్టి ఇస్తోంది, అంతే. దాన్ని విడిగా చదివితే ఏమీ తెలియదు. సగటు సైజు చెప్పే ఎంసీవీతో కలిపి చూడాలి. ఎంసీవీ 80 కంటే తగ్గి, ఆర్‌డీడబ్ల్యూ పెరిగితే ముందు ఐరన్ లోపాన్ని అనుమానిస్తారు. ఎంసీవీ బాగా తగ్గినా ఆర్‌డీడబ్ల్యూ మామూలుగానే ఉండి, ఎర్ర కణాల సంఖ్య మైక్రోలీటరుకు 50 లక్షలు దాటితే తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) క్యారియర్ కావచ్చు. అలాంటివాళ్లు ఐరన్ లోపమనుకుని పరీక్ష లేకుండా ఏళ్ల తరబడి ఐరన్ మింగుతుంటారు. ఐరన్, బీ12 రెండూ తక్కువైతే చిన్న కణాలు, పెద్ద కణాలు కలిసి ఎంసీవీ నార్మల్‌గా కనబడుతుంది. అప్పుడు గుట్టు బయటపెట్టేది ఈ అంకే.

అసలు నేను రాస్తున్నది ఇంకో సంగతి గురించి. మొన్న ఒకావిడ కూతురి రిపోర్టులు రెండూ పట్టుకొచ్చింది. ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ 8 నుంచి 10కి వచ్చింది. ఆర్‌డీడబ్ల్యూ మాత్రం 17 నుంచి 22కి ఎక్కింది. మాత్రలు పడటం లేదని ఆవిడే ఆపించేసింది! మందు పనిచేస్తున్నప్పుడు అలా పెరగడం మామూలే. కొత్తగా పుట్టిన నిండు కణాలు పాత చిన్న కణాలతో కలిసి తిరుగుతుంటాయి. ఎర్ర కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, పాతవి పోయేదాకా ఆ తేడా కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ సరైన తర్వాత కూడా కొన్ని నెలలు మాత్రలు వాడమని డాక్టర్లు చెప్పేది ఒంట్లో ఐరన్ నిల్వల కోసం.

"ఈ ముక్క కాగితం మీద రాయొచ్చుగా అన్నయ్యా" అందావిడ. న్యాయమైన మాటే. మెషీన్ 'హెచ్' కొట్టి ఊరుకుంటుంది, డాక్టరుకు వివరించే తీరిక ఉండదు. రిపోర్టు అడుగున ల్యాబ్ అడ్రసుకూ లోగోలకూ బోలెడంత చోటు ఉంటోంది. ఎంసీవీతో కలిపి చూడాలని, డాక్టరును అడక్కుండా మందు ఆపొద్దని తెలుగులో రెండు వాక్యాలు అక్కడే వేయించాలని ల్యాబ్ యజమానులనూ, వైద్యారోగ్య శాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, తెనాలి