ఉద్యోగం పోయినప్పుడు నన్ను నిలబెట్టిన వాళ్ళందరికీ

అందరికీ నమస్కారం.

సోమవారం కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. పక్క కౌంటీ షెరిఫ్ ఆఫీసులో, అంటే జిల్లా పోలీసు ఆఫీసు లాంటి దాంట్లో, రికార్డ్స్ సూపర్వైజర్‌గా తీసుకున్నారు. ఈ సంగతి మీలో కొందరికి ఫోన్ చేసి చెప్పాను. ఇంకొందరికి చెప్పబోతే గొంతు పెగల్లేదు, ఫోన్ మావారి చేతికిచ్చేశాను. ఈ నెలల్లో ఎంతమంది ఎన్ని రకాలుగా మమ్మల్ని ఆదుకున్నారో నాకు తెలుసు గానీ, మీలో ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు. అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని చాలామంది గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టడం లేదు. ఎవరి గురించి రాశానో వాళ్ళకు చదవగానే తెలిసిపోతుంది.

ముందు అసలు ఏం జరిగిందో చెప్పాలి. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒక మోస్తరు ఊరి పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో నేను రికార్డ్స్ మేనేజర్‌గా ఉండేదాన్ని. యూనిఫాం ఉద్యోగం కాదు. కానీ డిపార్ట్‌మెంట్‌లో రాసిన ప్రతి రిపోర్టూ మా విభాగం చేతుల మీదుగానే పోతుంది. 2021లో కరోనా దెబ్బ నుంచి తేరుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు, కౌంటీలకు, నగరాలకు 350 బిలియన్ డాలర్లు ఇచ్చింది. 2024 డిసెంబర్ 31 లోపు ఆ డబ్బు దేనికి వాడాలో ఖరారు చేసుకోవాలని, 2026 చివరికల్లా ఖర్చుపెట్టెయ్యాలని షరతు పెట్టింది. చాలా ఊళ్ళలాగే మా ఊరు కూడా కొన్నాళ్ళు దాని మీద నెట్టుకొచ్చింది. అది అడుగంటింది. అమ్మకం పన్ను రాబడి అనుకున్నంత రాలేదు, పెన్షన్ల బిల్లు మాత్రం ఏటా పెరుగుతూ వచ్చింది. ఇక్కడ బడ్జెట్ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కాబట్టి వేసవి వస్తుందంటే సిటీ ఉద్యోగులందరికీ టెన్షనే. ఈసారి కోత మా మీద పడింది.

పోలీస్ ఖర్చు తగ్గించాలంటే ముందు ఎవరి మీద చెయ్యి పడుతుందో ఈ రంగంలో ఉన్నవాళ్ళకు కొత్త కాదు. ఆఫీసర్లను తీసేస్తే మర్నాడు పేపర్లో వస్తుంది, వాళ్ళకు యూనియన్ ఒప్పందం ఉంటుంది. యూనిఫాం లేని మేనేజర్లకు చాలా చోట్ల యూనియన్ ఉండదు, ఊళ్ళో వాళ్ళకు మా ముఖాలు కూడా తెలియవు. అందుకని మా పోస్టులే ముందు పోతాయి. మాలాంటి వాళ్ళం ఏం చేస్తామో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 21 ఏళ్ళ లోపు పిల్లలు కనబడటం లేదని రిపోర్ట్ వస్తే, రెండు గంటల్లోగా ఆ వివరాలు రాష్ట్ర, జాతీయ డేటాబేసుల్లోకి ఎక్కాలని ఈ రాష్ట్ర చట్టం. రాత్రి రెండింటికి వచ్చినా అంతే. ఎక్కించేది రికార్డ్స్ క్లర్కో, ఎమర్జెన్సీ ఫోన్లు అందుకునే డిస్పాచరో. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా, ఇంకో ఊళ్ళో ఆ పిల్ల పోలీసుల కంట పడి కూడా దొరక్కపోవచ్చు. ఆ అక్షరాలు సరిచూసే మనుషులకు శిక్షణ ఇవ్వడం, రాత్రి షిఫ్టులు ఖాళీ పడకుండా చూడటం, ఇవీ నా పనులు.

ఇక అసలు విషయానికి వస్తాను.

బడ్జెట్ మీద సిటీ కౌన్సిల్ జరిపిన బహిరంగ సమావేశానికి ఎవరైనా వస్తారని నేను అనుకోలేదు. మేనేజర్ పోస్టు, దాంతో పాటు క్లర్కుల పోస్టులు కొన్ని తీసేసే ప్రతిపాదన అది. మాట్లాడదలచిన మనిషికి రెండు నిమిషాలు ఇస్తారు, గంట మోగగానే ఆపాలి. ఆ రోజు మా కోసం వరసగా మనుషులు లేచారు. గుడికి వచ్చే మన తెలుగువాళ్ళున్నారు, మా వీధి పంజాబీ కుటుంబాల వాళ్ళున్నారు, పదేళ్ళుగా మా కౌంటర్ దగ్గరకు కాపీల కోసం వచ్చే ఇన్సూరెన్స్ ఏజెంటు కూడా ఉన్నాడు. వాళ్ళలో ఒక అమ్మాయి మాట్లాడింది నేను బతికున్నంత కాలం మరిచిపోను. ఆమె ఎవరో, ఏ కేసో చెప్పను. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళు అడిగితే రిపోర్ట్ ముందు పేజీ 48 గంటల్లో, పూర్తి కాపీ ఐదు పనిదినాల్లో, పైసా తీసుకోకుండా ఇవ్వాలని కాలిఫోర్నియాలో చట్టం ఉంది. కోర్టులో రక్షణ ఉత్తర్వు అడగడానికి ఆ కాగితం చాలా పనికొస్తుంది. తను ఆ కాగితం కోసం వచ్చిన రోజు కౌంటర్‌లో ఉన్న క్లర్క్ తన పక్కన కూర్చుని ఫారం నింపించిందని, బయట కారులో ఎవరో కాచుకుని ఉన్నారని చెబితే వెనక గేటు నుంచి పంపించిందని ఆ అమ్మాయి మైకులో చెప్పింది. "ఆ కౌంటర్ మూసేస్తే నాలాంటి వాళ్ళు ఎక్కడికి పోవాలి?" అని అడిగి, గంట మోగకముందే వెళ్ళి కూర్చుంది. హాలంతా చప్పుడు లేదు.

నా పోస్టు మిగల్లేదు. కానీ క్లర్కుల పోస్టుల్లో రెండు తిరిగి బడ్జెట్‌లో పెట్టారు. ఆ రాత్రి ఇంటికొచ్చి మావారితో నేను అన్న మొదటి మాట అదే, "రెండు నిలబడ్డాయి" అని. ఆ అమ్మాయికి, ఆ రోజు లేచి మాట్లాడిన ప్రతి ఒక్కరికీ, మాట్లాడటం రాక వెనక నిలబడ్డ పెద్దవాళ్ళకూ చేతులెత్తి మొక్కుతున్నాను. మీరు నా మీద జాలిపడమని ఎవర్నీ అడగలేదు. మా పని ఏమిటో చెప్పారు. అంతకంటే పెద్ద గౌరవం నా సర్వీసులో నాకెప్పుడూ దక్కలేదు.

తర్వాత నాకు నిజంగా దారి చూపించింది సిటీ పేరోల్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ. లేఆఫ్ లెటర్ చేతికొచ్చాక నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. కాల్‌పర్స్‌లో, అంటే మా పెన్షన్ ఫండ్‌లో, నా వాటా కింద జమైన డబ్బు వెనక్కి తీసుకుని ఇంటి లోన్ కట్టేద్దామా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. ఆవిడ విని మా ఇంటికే వచ్చేశారు. కాఫీ కూడా తాగకుండా ఫైల్ తెరిచి కూర్చున్నారు. "ఆ డబ్బు ముట్టుకోవద్దు. తీసుకుంటే ఇన్నేళ్ళ సర్వీసూ పోతుంది. ఆరు నెలల్లోగా ఇంకో ప్రభుత్వ సంస్థలో చేరు, ఈ సర్వీసుకీ ఆ సర్వీసుకీ లంకె నిలుస్తుంది" అని విడమరిచి చెప్పారు. ఈ చుట్టుపక్కల చాలా కౌంటీలకు విడిగా సొంత పెన్షన్ సంస్థలున్నాయి. వాటికీ కాల్‌పర్స్‌కీ మధ్య ఒప్పందం ఉంది. అయితే ఆ ఆరు నెలల గడువు దాటకూడదు. 2013లో అమల్లోకి వచ్చిన కొత్త పెన్షన్ నిబంధనలు పాతవాళ్ళకు వర్తించకుండా ఉండాలన్నా ఆ గడువు లోపే చేరాలి. ఆవిడ ఆ సాయంత్రం రాకపోతే మా ముసలితనం ఇంకోలా ఉండేది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆవిడ రాసిచ్చిన తేదీల కాగితం ఫ్రిజ్ మీద అంటించే ఉంది. సిటీ ఇన్సూరెన్స్‌ని కోబ్రా కింద, అంటే ఉద్యోగం పోయినా అదే ఇన్సూరెన్స్ ఉంచుకోనిచ్చే చట్టం కింద, కొనసాగిస్తే సిటీ వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం అదనం. అందుకని రాష్ట్రం నడిపే ఆరోగ్య బీమా మార్కెట్ కవర్డ్ కాలిఫోర్నియాలో 60 రోజుల్లోగా నమోదు చేసుకోమని చెప్పిందీ ఆవిడే.

నిరుద్యోగ భృతి ఇక్కడ వారానికి 450 డాలర్లకు మించదు. ఇంటి కిస్తీకే చాలదు. మా సంగతి ఎలా తెలిసిందో గానీ, కాలేజీ రోజుల నుంచి మాకు అన్నయ్య లాంటి ఆయన ఒకరోజు వచ్చి కిస్తీకి సరిపడా చెక్కు టేబుల్ మీద పెట్టారు. వద్దంటే కోప్పడ్డారు. "చూడమ్మా, నువ్వు అప్లై చేసేవన్నీ పోలీసు ఉద్యోగాలు. వాళ్ళు నీ క్రెడిట్ రిపోర్ట్ చూస్తారు. కిస్తీ ముప్ఫై రోజులు లేటైతే అందులో పడుతుంది. ఉద్యోగం వచ్చాక నిదానంగా ఇద్దువు గాని" అన్నారు. ఆయన ఐటీలో ఉన్న మనిషి, మా రంగం సంగతి ముందే ఆరా తీసి వచ్చారు. డబ్బు ఇవ్వగలిగినవాళ్ళు చాలామంది ఉంటారు, ఎప్పుడు ఎందుకు అవసరమో కనుక్కుని ఇచ్చేవాళ్ళు అరుదు. వదినగారికి కూడా నా నమస్కారాలు.

మా డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన లెఫ్టినెంట్ ఒకాయన నన్ను ఇంటర్వ్యూలకు తయారు చేశారు. ఆయన స్నేహితులు చాలామంది స్టాక్టన్‌లో పనిచేసినవాళ్ళు. 2012 జూన్‌లో స్టాక్టన్ దివాలా పిటిషన్ వేసింది. అప్పటికి అమెరికాలో దివాలాకు వెళ్ళిన అతిపెద్ద నగరం అదే. అంతకుముందే పోలీసులను తగ్గించేశారు, ఆ ఒక్క ఏడాదిలోనే ఆ ఊళ్ళో 71 హత్యలు జరిగాయి. ఆ రోజుల్లో ఉద్యోగాలు పోయిన స్నేహితులకు ఏం చెప్పారో నాకూ అదే చెప్పారు. "నీ పోస్టు బడ్జెట్ వల్ల పోయింది, నీ పని వల్ల కాదు అని సిటీ లెటర్‌హెడ్ మీద రాయించుకో. ఆ లెటర్ లేకుండా బయటికి రాకు." రాయించుకున్నాను. ప్రతి ఇంటర్వ్యూలో అదే ముందు చూపించాను. ఆదివారాలు ఆయన గరాజ్‌లో మడత కుర్చీలు వేసి, ఆయనా ఆయన భార్యా ఎదురుగా కూర్చుని ప్యానెల్‌లాగా ప్రశ్నలు అడిగేవాళ్ళు. మొదట్లో "ఎందుకు మానేశారు?" అని అడగగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆయన ఏమీ అనేవారు కాదు, కాసేపు ఆగి మళ్ళీ అదే ప్రశ్న అడిగేవారు. ఏడవకుండా జవాబు చెప్పగలిగే దాకా అలా అడుగుతూనే ఉన్నారు.

ఈ ఉద్యోగం ఖాళీ ఉందన్న కబురు రికార్డ్స్ సూపర్వైజర్ల సంఘం క్లియర్స్‌లో పరిచయమైన ఒక స్నేహితురాలు చెప్పింది. తనూ అదే ఉద్యోగానికి అప్లై చేద్దామనుకుని, నా సంగతి విని మానుకుందట. నాకు ఇది మొన్ననే తెలిసింది. నీకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఒకరోజు ఎదురుగా కూర్చుని చెబుతాను.

ఇక బ్యాక్‌గ్రౌండ్ చెక్. దీని గురించి మన కాలనీ వాళ్ళందరికీ విడిగా రుణపడ్డాను. పోలీసు శాఖలో గుమాస్తా ఉద్యోగానికైనా వెనకటి చరిత్రంతా తవ్వుతారు. ఏ ఇంట్లో ఎన్నాళ్ళున్నారు, పక్కింట్లో ఎవరున్నారు, ఎక్కడ పనిచేశారు, ఎవరికి బాకీ ఉన్నారు, అన్నీ రాసివ్వాలి. నెలలు పడుతుంది. అటు ఆరు నెలల గడువు తరుముకొస్తోంది. ఎవరైనా ఉత్తరానికి జవాబు ఆలస్యం చేస్తే ఫైల్ అక్కడే ఆగిపోతుంది. మీలో ఒక్కరు కూడా ఆలస్యం చెయ్యలేదు. పాత ఇంటి ఓనరు, అద్దెకున్నప్పటి పక్కింటివాళ్ళు, వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయినవాళ్ళు కూడా వెంటనే రాసి పంపారు.

అందులో మా వీధి చివర ఇంటి పిన్నిగారి సంగతి చెప్పి తీరాలి. షెరిఫ్ ఆఫీసు నుంచి అంటూ ఆవిడకు ఫోన్ వచ్చింది. షెరిఫ్ పేరు చెప్పి డబ్బు గుంజే దొంగ ఫోన్లు ఎన్ని వస్తుంటాయో మీకు తెలుసు. ఆవిడ భయపడి ఊరుకోలేదు, కంగారుపడి చెప్పెయ్యనూ లేదు. "మీ పేరు, మీ బ్యాడ్జి నంబర్ చెప్పండి, నేనే మీ ఆఫీసుకు చేస్తాను" అని పెట్టేసి, కొడుకు చేత షెరిఫ్ ఆఫీసు అసలు నంబర్ వెతికించి, ఆ నంబర్‌కే చేసి, ముందు ఫోన్ చేసినాయన్ని లైన్‌లోకి పిలిపించుకున్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడారట. ఏం చెప్పారని అడిగితే "ఉన్నదే చెప్పానమ్మా" అన్నారు. ఇంటర్వ్యూ చేసిన ఇన్వెస్టిగేటర్ చివరి రోజు నాతో, అంత జాగ్రత్తగా మాట్లాడిన రిఫరెన్స్ ఈ మధ్య తగల్లేదని అన్నాడు. పిన్నిగారూ, మీకు పాదాభివందనం.

మా అబ్బాయిని ప్రాక్టీసుకు తీసుకెళ్ళి తీసుకొచ్చినవాళ్ళు, ఒంగోలు నుంచి రోజూ ఫోన్ చేసి ఉద్యోగం ఊసు ఎత్తకుండా కబుర్లు చెప్పిన మా అక్క, రెజ్యూమె దిద్దిపెట్టిన లైబ్రరీ ఆవిడ, మీ అందరికీ కూడా కృతజ్ఞతలు. మావారి గురించి ఇక్కడ రాస్తే ఆయన ఒప్పుకోరు.

చివరగా మా రికార్డ్స్ విభాగం పిల్లలకు. పిల్లలంటున్నాను గానీ మీలో ఇద్దరు నాకంటే పెద్దవాళ్ళు. చివరి వారం మీ ఉద్యోగాలకే దిక్కు లేని సమయంలో, నా దగ్గర కూర్చుని ప్రతి పనీ రాసుకున్నారు. ఏ రిపోర్ట్ రాష్ట్రానికి ఎప్పుడు పంపాలో, బాడీ కెమెరా వీడియో అడిగితే ఎన్నాళ్ళలో జవాబివ్వాలో, అన్నీ. నేను వెళ్ళాక ఒక్క గడువు కూడా తప్పలేదని విన్నాను. మీరు నాకిచ్చిన వీడ్కోలు కానుక అదే అనుకుంటున్నాను. మీకు ఎప్పుడు ఏ సందేహం వచ్చినా నా పాత నంబరే.

ఈ ఏడాది సిటీలోనో కౌంటీలోనో లేఆఫ్ లెటర్ అందుకున్నవాళ్ళు మీ చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరైనా ఉంటే నా నంబర్ ఇవ్వండి. తెలుగువాళ్ళే కానక్కర్లేదు. పెన్షన్ తేదీల కాగితం, బ్యాక్‌గ్రౌండ్ ఫారం, రెండూ దగ్గర కూర్చుని చేయిస్తాను. సోమవారం నుంచి పగలు డ్యూటీ కాబట్టి సాయంత్రం ఆరు దాటాక చెయ్యమనండి.