మంత్రిగారూ, ముందు ఆ మూడు గంటల పరీక్షను తీసేయండి

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశ్వవిద్యాలయంలో ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్, ఇన్నోవేషన్ సబ్జెక్టును, అంటే కొత్త ఆలోచనతో సొంత వ్యాపారం పెట్టడమెలాగో, పదకొండేళ్లుగా చెబుతున్నాను. దీన్ని అన్ని డిగ్రీల్లోనూ తప్పనిసరి చేయాలన్న ఆలోచన ఉందని తెలియగానే స్టాఫ్‌రూమ్‌లో అందరూ నాకు శుభాకాంక్షలు చెప్పారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఎందుకో చెప్పాలంటే ఒక లైబ్రరీ సంగతితో మొదలుపెట్టాలి.

మా క్లాసులో నలుగురు పిల్లలు లైబ్రరీ సీటు బుక్ చేసుకునే యాప్ చేస్తామని వచ్చారు. స్లైడ్లు సిద్ధం, పేరు సిద్ధం, లోగో కూడా సిద్ధం. ఎంతమందిని అడిగారు అన్నాను. "మేమూ స్టూడెంట్సే కదా సార్" అన్నారు. కాదనలేం. అయినా కోడ్ ఒక్క లైను కూడా రాయకుండా, నాలుగు రోజులు లైబ్రరీలో కూర్చుని చూసి రమ్మన్నాను. మూడో రోజే మొహాలు వేలాడేసుకుని వచ్చారు. సీట్లు ఖాళీగానే ఉంటున్నాయట. ప్లగ్ పాయింట్లు ఉన్న గోడ పక్క బల్లల కోసమే అందరూ కొట్టుకుంటున్నారట, మధ్యలో ఉన్న బల్లల వైపు ఎవరూ చూడటం లేదట. యాప్ ఆలోచన అక్కడితో పోయింది. పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డులు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. అదీ మూడు వారాలకే ఆగిపోయింది. వీళ్ల హడావుడి చూసిన లైబ్రేరియన్ మధ్య బల్లలకు వైరింగ్ చేయించేశారు! వ్యాపారం పోయిందని పిల్లలు దిగులుపడ్డారు. నేను మాత్రం ఆ సెమిస్టర్‌లో అంత సంతోషించిన రోజు ఇంకోటి లేదు.

ఆ నలుగురిలో ఒకమ్మాయి సెమిస్టర్ పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. పారిశ్రామికవేత్త లక్షణాలు పది రాయమంటే ఆరే గుర్తొచ్చాయట. లైబ్రరీలో చేసిన పనికి మార్కులు వేసే గడి మా మార్కుల షీటులో లేదు. సెమిస్టర్ మొత్తంలో తరగతి గది దాటి ఎవరినీ కలవని కుర్రాడికి ఫస్ట్ వచ్చింది. వాడి తప్పేం లేదు. మేం అడిగింది రాశాడు.

అందుకే నా భయం. ఈ పరీక్ష ఇలాగే ఉండగా సబ్జెక్టును తప్పనిసరి చేస్తే, ఇప్పుడు కొద్దిమందికి జరుగుతున్నది రేపు అందరికీ జరుగుతుంది. గైడ్లు వస్తాయి, 'ముఖ్యమైన ప్రశ్నలు' వస్తాయి. ఇన్నోవేషన్‌కు కూడా బట్టీ పట్టే నోట్స్ తయారవుతాయి. నిజానికి అప్పుడే వచ్చేశాయి.

సబ్జెక్టు కొత్తదేం కాదు. 1947లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైల్స్ మేస్ అనే ప్రొఫెసర్ 188 మందికి ఇలాంటి కోర్సు చెప్పారు. వాళ్లలో చాలామంది యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు, లోకం చూసినవాళ్లు. మా దగ్గరికి వచ్చేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. వాళ్లకు లోకాన్ని చూపించే పని కూడా మాదే. అది తెల్లకాగితం మీద కుదరదు.

స్టాన్‌ఫర్డ్‌లో 2007లో ఒక క్లాసులో కొందరు విద్యార్థులకు నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కోసం చవకైన ఇంక్యుబేటర్, అంటే వాళ్లను వెచ్చగా ఉంచే యంత్రం, తయారు చేయమని పని ఇచ్చారు. ఉన్న యంత్రంలో ఖరీదైన భాగాలు తీసేసి చవకవి పెడితే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. వాళ్లలో ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే, నగరంలోని ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా పడి ఉన్నాయి. అవసరమున్న పిల్లలు పుడుతున్నది ఆసుపత్రికి దూరంగా, కరెంటు సరిగా ఉండని పల్లెల్లో. దాంతో లెక్కంతా మారింది. చిన్న నిద్రసంచి లాంటిది, అందులో వేడిని చాలాసేపు పట్టి ఉంచే మైనం లాంటి పదార్థం ఉన్న పౌచ్. 'ఎంబ్రేస్' అనే ఆ వెచ్చని సంచి అలా పుట్టింది. క్లాసులోనే కూర్చుని ఉంటే చవకైన ఇంక్యుబేటర్ తయారయ్యేది. అదీ ఖాళీగానే ఉండేది.

మా పరీక్షలో ఇంకో ప్రశ్న ఉంది, అది చూస్తే నాకు నవ్వొస్తుంది. ఐదేళ్ల బిజినెస్ ప్లాన్ రాయాలి. ఇంకా పేరు కూడా ఖాయం కాని కంపెనీకి ఐదో ఏడాది లాభమెంతో దశాంశాలతో సహా వేస్తారు పిల్లలు. జ్యోతిష్కులకు కూడా అంత ధైర్యం ఉండదు. సారస్ సరస్వతి అనే పరిశోధకురాలు 27 మంది అనుభవమున్న పారిశ్రామికవేత్తలు ఎలా ఆలోచిస్తారో దగ్గర నుంచి గమనించి, దాని మీద ఒక సిద్ధాంతాన్ని 2001లో ప్రచురించారు. వాళ్లు మొదలుపెట్టేది ఐదో ఏడాది లాభం దగ్గర కాదు. నేనెవరు, నాకేం తెలుసు, నాకెవరు తెలుసు అన్న దగ్గర. ఎంత వస్తుంది అని కాక, పోతే ఎంతవరకు తట్టుకోగలను అని లెక్కేస్తారు. ఈ రెండో లెక్క మా సిలబస్‌లో ఒక్క పేజీ కూడా లేదు.

బయటికి పంపితే చాలా, అంటే అదీ కాదు. నెదర్లాండ్స్‌లో ఒక వృత్తివిద్యా కళాశాలలో విద్యార్థుల చేత ఏడాదిపాటు చిన్న కంపెనీ నడిపించే కార్యక్రమం మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. నైపుణ్యాలు పెరిగిన దాఖలా కనబడలేదు. సొంతంగా వ్యాపారం పెట్టాలన్న కోరిక అయితే తగ్గింది. కోరిక తగ్గడాన్ని నేను తప్పుపట్టను, ఇరవై ఏళ్లకే అది తన దారి కాదని తెలుసుకోవడం కూడా చదువే. నైపుణ్యం పెరగకపోవడమే ఆలోచించాల్సింది. దీని పక్కన టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారుల మీద జరిగిన ప్రయోగం పెట్టి చూడండి, 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కొందరికి మామూలు లెక్కలు, మార్కెటింగ్ నేర్పారు. కొందరికి ఎవరూ చెప్పకుండానే ముందడుగు వేయడం, అడ్డంకి వస్తే ఇంకో దారి వెతకడం సాధన చేయించారు. రెండో రకం వాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మొదటి రకం వాళ్లకు కనబడిన 11 శాతం, గణాంకాల ప్రకారం నమ్మదగ్గది కాదు. వాళ్లు విద్యార్థులు కారు, నిజమే. కానీ ఏం నేర్పుతున్నామన్నది ఎంత తేడా తెస్తుందో దీంతో తెలుస్తుంది.

పరీక్ష తీసేస్తే మార్కులెలా అని మీ అధికారులు అడుగుతారు. ప్రతి విద్యార్థీ ఒక నోట్‌బుక్ రాయాలి. ఏ రోజు ఎవరిని కలిశాను, కలవకముందు ఏమనుకున్నాను, కలిశాక ఏం మార్చుకున్నాను. చివర్లో పది నిమిషాల వైవా. కల్పించి రాసినవాడు మూడో ప్రశ్నకే దొరికిపోతాడు, నా అనుభవంలో. అరవై మందికి పది గంటలు పడుతుంది. అరవై జవాబు పత్రాలు దిద్దడానికీ దాదాపు అంతే పడుతోంది. ప్రాజెక్టు ఫెయిలైతే మార్కులు తగ్గకూడదు, ఎందుకు ఫెయిలైందో చెప్పలేకపోతే తగ్గాలి.

ఇంకో మనవి. ఏ కళాశాలలో ఎన్ని స్టార్టప్‌లు పుట్టాయని లెక్కలు అడగకండి. అడిగితే పుడతాయి, కాగితం మీద. అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కంపెనీలను పరిశీలిస్తే, వాటిని పెట్టేనాటికి వ్యవస్థాపకుల సగటు వయసు 45 అని తేలింది. మా క్లాసులో కూర్చున్న అమ్మాయి పాతికేళ్ల తర్వాత పెట్టబోయే కంపెనీని ఈ మార్చి నెల రిపోర్టులో ఎలా చూపించను?

పిల్లలు కనిపెట్టినది పిల్లలదేనని కూడా రాసి ఉంచండి. నార్వే 2003లో విశ్వవిద్యాలయ పరిశోధకుల ఆవిష్కరణల మీద హక్కులు వాళ్ల దగ్గర్నుంచి తీసి, మూడింట రెండు వంతులు విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది. ఆ తర్వాత పరిశోధకులు పెట్టే కంపెనీలు, తీసుకునే పేటెంట్లు దాదాపు సగానికి పడిపోయాయి. అక్కడ నష్టపోయింది ప్రొఫెసర్లు. బేరమాడే శక్తి లేని విద్యార్థుల సంగతి చెప్పనక్కర్లేదు.

పరీక్ష మారేదాకా దీన్ని ఐచ్ఛికంగానే ఉంచమని నా అభ్యర్థన. ఈలోగా మీ శాఖ నుంచి మాకొక సాయం కావాలి. డబ్బు కాదు. జనం కోసం తెచ్చి కూడా జనం వాడని మీ సేవ ఏదైనా ఒకటి మా క్లాసుకు ఇవ్వండి, సగంలో వదిలేస్తున్న ఆన్‌లైన్ దరఖాస్తు ఫారమైనా సరే. పిల్లలు వెళ్లి, నింపబోయి వదిలేసినవాళ్ల పక్కన కూర్చుని చూసొస్తారు. సెమిస్టర్ జూలైలో మొదలవుతుంది. జూన్ నెలాఖరులోగా పంపితే మొదటి వారమే పని మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు